మోచేతుల దగ్గర ఆకుపచ్చ దారం

మేడ మీది వెనక గది,
నవంబరు 4.

మనవరాలికి,

ఈ రోజు నవంబరు నాలుగు. ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, చలి ముదిరేలోపు నీతో చేయించుకోవలసిన పని ఒకటి ఉంది. ఫోనులో చెబితే సగం నాకు వినపడదు, మిగతా సగం నువ్వు మింగేస్తావు. కాగితం మీద పెడితే ఇద్దరికీ తప్పించుకునే వీలుండదు.

మీ గోడౌనుకి మూటల్లో వచ్చే పాతబట్టల్లో చిల్లులు పడ్డ ఊలు స్వెట్టర్లు కూడా ఉంటాయనీ, వాటిని గుడ్డపీలికలతో కలిపి పనివాళ్ళకి తూకానికి ఇచ్చేస్తారనీ పోయినసారి వచ్చినప్పుడు అన్నావు. నేను అప్పుడు మాట్లాడలేదు గాని, ఆ మాట మరిచిపోలేదు. చిల్లు పడేది స్వెట్టరుకి, ఊలుకి కాదు. చిల్లు చుట్టూ ఉన్నదంతా మంచి ఊలే. వీధి మలుపులో కొట్టతను పిల్లల స్వెట్టర్లు ఎన్ని అల్లి ఇచ్చినా తీసుకుంటానంటున్నాడు. కొత్త ఊలు కొని అల్లితే చివరికి నాకు మిగిలేది మెడనొప్పి. అందుకని ఆ స్వెట్టర్లు కొన్ని తూకానికి తీసుకుని, విప్పి, ఊలు నాకు పంపు.

విప్పే ముందు స్వెట్టరును లోపలివైపుకి తిప్పి పక్క కుట్టు చూడు. రెండు ముక్కల అంచులూ నిండుగా ఉండి, మధ్యలో ఒక్క దారం గొలుసులా పోతూ ఉంటే అది విప్పదగ్గది. అంచులు కత్తిరించి మిషను దారంతో దట్టంగా కప్పేసి ఉంటే దాని జోలికి పోకు. అది పెద్ద బట్టలోంచి కోసి కుట్టిన రకం. లాగితే వరసకొక ముక్క చేతికొస్తుంది. ఆ ముక్కలతో నేను పళ్ళు కుట్టుకోవాలి.

మెడ దగ్గర మొదలుపెట్టు. అల్లిక ఎక్కడ ముగించారో అక్కడే విడుతుంది. విప్పిన ఊలు కుర్చీ వీపుకి చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని సబ్బునీళ్ళలో రెండుసార్లు ముంచి తీయి. పిండకు. కింద బరువు వేలాడదీసి ఆరెయ్యి. వంకరలు పోతాయి. చిక్కు పడితే లాగకు. తొందరపడ్డవాళ్ళకి చిక్కు ముడవుతుంది.

మీ అమ్మ సంగతి ఏమీ తెలియలేదు. అడుగుతావని ముందే రాస్తున్నాను. చెప్పకుండా వెళ్ళి మూడేళ్ళు నిండాయి. మీ నాన్న పోయినప్పటినుంచి మనసు నిలకడ తప్పింది గాని, చేతులు నిలకడైనవే. మిషను మీద కూర్చుంటే ఇప్పటికీ నా కంటే తిన్నగా కుడుతుంది. ఎక్కడున్నా తిండికి లోటుండదు అని నేను అనుకుంటున్నాను. నువ్వూ అలాగే అనుకో.

మీ అమ్మమ్మ

*

రైలు కట్ట పక్క అద్దెగది,
నవంబరు 26.

అమ్మమ్మా,

నీ ఆజ్ఞాపత్రం అందింది. స్వెట్టరు విప్పమని ఇంత పెద్ద పాఠం చెప్పినదానివి, చివర్లో పరీక్ష పెట్టడం ఎలా మరిచిపోయావో!

గదిలో కుర్చీ ఒక్కటే. దాని వీపుకి ఊలు, నాకు నేల. మా బొత్తాలావిడ (పాతబట్టల బొత్తాలు తెంపి డబ్బాలో వేయడమే ఆవిడ పని, అందుకే ఆ పేరు) ఆదివారం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమ్మా, జీతం చాలక గొర్రెల్ని పెంచుతున్నావా?" అంది. కాసేపటికి తనే కూర్చుని ఉండలు చుట్టింది. చుడుతూ, "మీ అమ్మమ్మ ఏం చేసేదమ్మా?" అని అడిగింది. బడిలో లెక్కల టీచరు అన్నాను. "అదీ సంగతి, నీ ఎముకలు కూడా తూచి పంపమనలేదు, సంతోషించు" అంది.

ఈ పార్సిలులో మూడు స్వెట్టర్ల ఊలు ఉంది. మెరూన్‌ది ఎవరో పిల్లాడిది, సుఖంగా విడిపోయింది. పాలతెలుపుదానికి చంకలో పురుగు కొట్టింది, అక్కడక్కడా తెగింది. బూడిదరంగుది మాత్రం నా ప్రాణం తీసింది. చేత్తో అల్లిందే, నువ్వు చెప్పినట్టు అంచులు నిండుగానే ఉన్నాయి. కానీ ముందుభాగం మెడ నుంచి కింది దాకా నిలువునా కత్తెరతో కోసేసి ఉంది. పీలికలు కోసేవాళ్ళు మొదలుపెట్టి వదిలేసినట్టున్నారు. ముందుభాగమంతా ముక్కలే వచ్చాయి. వాటిని బొత్తాలావిడకి ఇచ్చేశాను, వాళ్ళత్తగారి దిండులో కూరుతుందట. వెనకభాగం, రెండు చేతులూ బాగానే వచ్చాయి.

ఒక వింత చెప్పనా? మోచేతుల దగ్గరికి వచ్చేసరికి ఊలుతో పాటు సన్నటి ఆకుపచ్చ దారం కలిసి రావడం మొదలైంది. అక్కడొక జానెడు మేర, రెండు చేతులకీ. చిక్కుపడి చంపింది. చివరికి ఆ చేతిని కాలికింద తొక్కిపట్టి లాగాను. దారం విడదీయలేదు, అలాగే చుట్టేశాను, నువ్వే తంటాలు పడు. అల్లిన మహాతల్లి ఎవరో గాని, ఊలు అరిగిపోతుందని దారం తోడు పంపింది. నీకంటే పిసినారి!

చలికి గోడ చెమ్మ పట్టింది. నేను బాగానే ఉన్నాను. ఇంకో నాలుగు స్వెట్టర్లు ఏరి పెట్టాను.

నీ మనవరాలు

*

మేడ మీది వెనక గది,
డిసెంబరు 3.

మనవరాలికి,

పార్సిలు అందింది. తూచాను. మెరూన్, తెలుపు వాడుకుంటాను. బూడిదరంగు ఊలు పక్కన పెట్టాను.

నేను మళ్ళీ రాసేదాకా ఒక్క స్వెట్టరు కూడా విప్పకు. ఉతకకు. ఏరి పెట్టినవి అలాగే ఉంచు.

బూడిదరంగు స్వెట్టరు గురించి కొన్ని సంగతులు కావాలి. తెలిసింది తెలిసినట్టు రాయి. తెలియకపోతే తెలియదని రాయి, ఊహించి రాయకు. కత్తెర కోత ఒకే గీతలా ఉందా, ఆగి ఆగి కోసినట్టు ఉందా? చేతుల మీద కూడా కోత ఉందా? మెడ లోపల ఏదైనా పట్టీ గాని, గుర్తు గాని ఉందా? మరకలు ఉన్నాయా? అది వచ్చిన మూట ఎక్కడిది? ముందుభాగం ముక్కలు ఆ బొత్తాలావిడ దగ్గర ఇంకా ఉన్నాయా?

ఎందుకని అడగకు. జవాబు వచ్చాక చెబుతాను.

మీ అమ్మమ్మ

*

రైలు కట్ట పక్క అద్దెగది,
డిసెంబరు 10.

అమ్మమ్మా,

పోలీసు స్టేషనులో కూడా ఇన్ని అడగరు. ఏమైంది? కొట్టతను ఆ ఊలు దొంగసొత్తు అన్నాడా?

సరే, వరసగా చెబుతాను. కోత ఒకే గీత. పెద్ద కత్తెర అయుంటుంది, ఎక్కడా ఆగలేదు. చేతుల మీద లేదు. మెడ లోపల తెల్లగుడ్డ పట్టీ ఉంది, దాని మీద గుండ్రటి నీలి ముద్ర. ఊలు లాగడానికి అడ్డమని తెంపి పారేశాను. చెత్తబండి ఎప్పుడో పోయింది. మరకలంటే, ముందువైపు ఛాతీ దగ్గర ఏదో ఉన్నట్టు గుర్తు. టీ అనుకున్నాను. అదంతా ముక్కల్లో పోయింది. మిగతాది నువ్వు చెప్పినట్టే రెండుసార్లు ముంచి తీశాను, మొదటి నీళ్ళు నల్లగా దిగాయి.

ముద్ర సంగతి బొత్తాలావిడని అడిగాను. "నీలి ముద్రా? రైలు కట్ట అవతల ఆడవాళ్ళ ఆశ్రయం లేదూ, ఇల్లూ దిక్కూ లేనివాళ్ళుంటారు, అక్కడి బట్టలకి వేస్తారు. ఏడాదికోసారి మూట కట్టి మనకి తోలతారు. మన గోడౌను సంగతి నీకు తెలిసిందేగా, మూట విప్పేసరికి అందులో బట్టలేసుకున్నవాళ్ళకి మనవలు పుడతారు. ఎందుకమ్మా, ఊలుకి దెయ్యం గాని పట్టిందా?" అంది. ముక్కలు దిండులో కూరేసిందట. వాళ్ళత్తగారు దాని మీద పడుకుంటున్నారట, మెడ పట్టేయడం తగ్గిందని సంబరపడుతున్నారట. తిరిగి ఎలా అడగను?

అమ్మమ్మా, నువ్వు ఉత్తరంలో నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నాకు భయంగా ఉంది. చెప్పు.

నీ మనవరాలు

*

మేడ మీది వెనక గది,
డిసెంబరు 16.

మనవరాలికి,

కూర్చుని చదువు.

అది మీ అమ్మ స్వెట్టరు. నేనే అల్లాను. ఆమె వెళ్ళిపోయిన రోజు అదే తొడుక్కుని వెళ్ళింది. అది అల్లేనాటికే నువ్వు ఇప్పుడున్న ఊళ్ళోనే హాస్టలులో ఉండి చదువుకుంటున్నావు, అందుకే నువ్వు దాన్ని ఎప్పుడూ చూడలేదు.

బూడిదరంగు ఊలు లోకంలో చాలా ఉంటుంది. పొరపాటు పడుతున్నానేమోనని నాకు నేనే అడ్డుప్రశ్నలు వేసుకున్నాను. కానీ ఆ దారం ఒక్కటే ఉంటుంది. మీ అమ్మ పొద్దున లేస్తే కిటికీ గట్టు మీద మోచేతులు ఆనించి గంటలు గంటలు వీధిలోకి చూస్తూ నిలబడేది. ఏది తొడిగినా ముందు మోచేతులే పోయేవి. అందుకని పాత కర్టెను అంచులోంచి ఆకుపచ్చ పట్టుదారం లాగి, మోచేతుల మేర ఊలుతో జోడించి అల్లాను. కర్టెను మిగతా ముక్క ఇప్పటికీ మిషను మీద కప్పి ఉంది. నీ పార్సిలులోని దారాన్ని దాని పక్కన పెట్టి పగటి వెలుగులో చూశాను. అదే. ఆ పిసినారి మహాతల్లిని నేనే.

నువ్వు చేసినదాంట్లో తప్పు లేదు. విప్పమన్నది నేను, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పింది నేను, రెండుసార్లు ముంచమన్నది నేను. చెప్పిన పని చెప్పినట్టు చేశావు. దీని గురించి నాకు సంజాయిషీ రాయకు, చదవను.

స్వెట్టరు దొరికినంత మాత్రాన మనిషి దొరికినట్టు కాదు. అంతకు మించి ఈ ఉత్తరంలో ఏమీ రాయను.

మీ అమ్మమ్మ

*

రైలు కట్ట పక్క అద్దెగది,
డిసెంబరు 20.

అమ్మమ్మా,

సంజాయిషీ రాయొద్దన్నావు, రాయను. కానీ కాలితో తొక్కిపట్టాను అమ్మమ్మా. అమ్మ చేతిని. అది ఒక్కటి రాసి వదిలేస్తాను.

పనిలో రెండు రోజులు ఏం చేశానో తెలియదు. బూడిదరంగు ఏది కనపడినా తీసి పక్కన పెడుతున్నాను. మేస్త్రీ వచ్చి, "ఏంటమ్మా ఇది, రంగుల వారీగా ఏరమని నీకెవరు చెప్పారు?" అని కసిరాడు. బొత్తాలావిడ అడ్డం పడి, "ఆ పిల్లకి ఒంట్లో బాలేదు, నీకు కళ్ళు లేవా?" అని ఆయన్నే దులిపేసింది. ఆవిడకి అంతా చెప్పేశాను. చాలాసేపు బొత్తాలు తెంపుతూనే ఉంది. తరువాత అంది కదా, "ముద్ర ఉందంటే అక్కడికి వెళ్ళిందనేగా? వెళ్ళిందంటే ఎవరో అన్నం పెట్టారనేగా?"

నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఎవరైనా దొంగిలించి ఉండొచ్చు. అమ్మే ఎవరికైనా ఇచ్చి ఉండొచ్చు, అడిగితే ఒంటి మీది బట్ట కూడా ఇచ్చే మనిషేగా. ఏ పనైనా దొరికి వెళ్ళిపోతూ వదిలేసి ఉండొచ్చు. మూడేళ్ళుగా మనకి ఒక్క ఆనవాలూ లేదు. ఇప్పుడు ఒక గుమ్మం దొరికింది, అది కూడా నా గది నుంచి నడిచిపోయేంత దూరంలో. రోజూ పనికి పోతూ ఆ గోడ పక్కనుంచే వెళ్తాను.

ఈ ఆదివారం వాళ్ళు లోపలికి రానివ్వరట. పై ఆదివారం వెళ్తాను. ఏం అడగాలో రాయి. నువ్వు అడిగినట్టు అడుగుతాను.

నీ మనవరాలు

*

మేడ మీది వెనక గది,
డిసెంబరు 27.

మనవరాలికి,

ఒక్కదానివే వెళ్ళకు. బొత్తాలావిడను తోడు తీసుకుపో. నా మాటగా అడుగు.

ఆఫీసు గదిలో మొదలుపెట్టకు. అక్కడ కూర్చున్నవాళ్ళు ఏటికేడాది మారిపోతుంటారు, తెలియదు అనడం వాళ్ళకి తేలిక. అక్కడ బట్టలు ఎవరు ఉతుకుతారో కనుక్కుని ముందు ఆమెను కలుసుకో. కాసేపు మామూలు మాటలు మాట్లాడు. స్వెట్టరు రంగు, మోచేతుల సంగతి చెప్పు. కోత సంగతి మాత్రం నువ్వుగా ఎత్తకు. ఆమె చెబితే విను.

విన్నది విన్నట్టు రాయి. నా కోసం తీపి కలపకు.

మీ అమ్మమ్మ

*

రైలు కట్ట పక్క అద్దెగది,
జనవరి 8.

అమ్మమ్మా,

వెళ్ళి వచ్చాను. మంచి సంగతే.

అమ్మ అక్కడ ఒక చలికాలం ఉందట. ఆరోగ్యంగానే ఉండేదట. ఆశ్రయంలో ఉన్న చిరుగులన్నీ కూర్చుని కుట్టి పెట్టేదట. అందరూ ఇష్టపడేవారట. ఎండలు మొదలయ్యాక ఒక దర్జీ దుకాణంలో పని దొరికి వెళ్ళిపోయిందట. ఎవరో దాతలు కొత్త కోటు ఇచ్చారట, అందుకని పాత స్వెట్టరు అక్కడే వదిలేసిందట. ఏ దుకాణమో, ఏ ఊరో ఎవరికీ తెలియదు.

కాబట్టి నువ్వు దిగులు పెట్టుకోవద్దు. నువ్వు అనుకున్నదే నిజమైంది, తిండికి లోటు లేకుండా ఎక్కడో ఉంది. ఇక్కడ చలి తగ్గింది. నేను బాగున్నాను. భోజనం వేళకి చేస్తున్నాను. నువ్వు మందులు మానకు.

నీ మనవరాలు

*

మేడ మీది వెనక గది,
జనవరి 14.

మనవరాలికి,

నీ ఉత్తరం చదివాను. నువ్వు అక్షరాలు నేర్చిన నాటినుంచి నాకు ఇంత శుభ్రమైన ఉత్తరం రాయలేదు. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క ఎకసెక్కం లేదు. బొత్తాలావిడ నీతో అంత దూరం వచ్చి ఒక్క మాటా అనలేదా? ఆవిడ నోరు మూతపడేంత మంచి సంగతి ఏమిటది?

ఇక నేను దాచింది చెబుతాను. మీ తాతయ్య వంటింట్లో పడిపోయిన రోజు, ఆస్పత్రిలో ఆయన బనీను, చొక్కా సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. రెండూ మెడ నుంచి కిందికి ఒకే గీతలో కోసి ఉన్నాయి. చేతులు ఎత్తలేని మనిషికి తల మీదుగా బట్ట తీయరు. పెద్ద కత్తెరతో ముందు కోసి, రెండు పక్కలకీ తెరిచి, కిందనుంచి లాగేస్తారు. పీలికలు కోసేవాడు అలా కోయడు. వాడు ముందు బట్ట చేతులు కోసి వేరు చేస్తాడు. ఆ సంగతి నీకూ తెలుసు, నువ్వు రోజూ చూసే పనే. కళ్ళు చూసినా మనసు ఒప్పుకోలేదు.

నీ నవంబరు ఉత్తరంలో ఆ కోత గురించి చదివిన పూటే నాకు అర్థమైంది. అయినా రాయలేదు. నువ్వు ఆ గుమ్మం దాకా వెళ్ళాలి, అడగాలి. ఆశ లేకపోతే నీ కాళ్ళు ఆడవు. నా కాళ్ళు మెట్లు దిగి రావు. అందుకని ఆ ఆశ నీ దగ్గర ఉండనిచ్చాను. ఇప్పుడు నువ్వు నాకు అదే తిరిగి పంపావు. ఇద్దరం ఒకే సరుకును ఒకరి నుంచి ఒకరం దాచుకుంటున్నాం. చాలు.

బట్టలుతికే ఆమె ఏమందో రాయి. ఆమె మాటల్లోనే రాయి.

మీ అమ్మమ్మ

*

రైలు కట్ట పక్క అద్దెగది,
జనవరి 21.

అమ్మమ్మా,

సరే.

నువ్వు చెప్పినట్టే వెనకవైపు నుంచి వెళ్ళాం. తొట్ల దగ్గర ఒక పెద్దావిడ దుప్పట్లు జాడిస్తోంది. బొత్తాలావిడ అడక్కుండానే రెండో కొస పట్టుకుని పిండటం మొదలుపెట్టింది. ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. నేను బూడిదరంగు స్వెట్టరు అనగానే ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"మోచేతుల దగ్గర పచ్చగా మెరిసేదేనా?" అంది. "అదెక్కడ దొరికింది నీకు? ఆ స్వెట్టరు ఒంటిమీంచి తీసేది కాదమ్మా. నెలకోసారైనా ఉతకనివ్వు తల్లీ, కంపు కొడుతోంది అంటే, 'నా ఒంటి మీదే ఉతుకు' అనేది. నవ్వొచ్చేది నాకు. పడుకున్నా అదే, ఎండ కాసినా అదే. ముద్ర పట్టీ కుట్టించుకోవడానికి కూడా విప్పలేదు, మెడ దగ్గర కూర్చుని నేనే కుట్టాను, ఊపిరి బిగబట్టి."

బొత్తాలావిడ అడిగింది, "మరి అది వదిలేసి ఎలా వెళ్ళింది?" అని.

"వదిలేసి ఎందుకు వెళ్తుంది?" అంది ఆవిడ.

అంతే అమ్మమ్మా. నేను అక్కడే తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాను. మిగతాది బొత్తాలావిడ అడిగి తెలుసుకుంది. నేను విన్నాను.

వచ్చిన మొదటి చలికాలమేనట. మూడేళ్ళ కిందట, మనం ఇంకా పోలీసు స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నప్పుడే. జనవరిలో దగ్గు పట్టుకుంది. ఒక పొద్దున మెట్ల దగ్గర పడిపోయింది. అంబులెన్సు వచ్చి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళింది. తరువాత కొన్నాళ్ళకి సంచి తిరిగొచ్చింది, మనిషి రాలేదు. పట్టీ మీద ముద్ర చూసి సంచి పంపారట. బొత్తాలావిడ అప్పుడు అన్న మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. "బట్టకి ముద్ర వేశారు కాబట్టి బట్ట ఇంటికొచ్చింది" అంది. ఆ పెద్దావిడకి కోపం రాలేదు. కళ్ళు తుడుచుకుంది.

ఎవరూ రాకపోతే కొన్నాళ్ళు చూసి మునిసిపాలిటీ వాళ్ళు తీసుకుపోతారట. ఊరి చివర ఇటుక బట్టీల వెనక ఒక నేల ఉందట. వరసలు వరసలుగా పూడుస్తారట. చోటు చాలక ఏడాది దాటాక అదే నేలను మళ్ళీ తవ్వుతారట. మూడేళ్ళయింది. బట్టీల దాకా వెళ్ళలేదు. బొత్తాలావిడ వెళ్దామా అంది. నేనే రాలేనన్నాను.

ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. కూతురు ఈ ఊళ్ళోనే చదువుతోందని అమ్మ అందరికీ చెప్పేదట. ఏ హాస్టలని అడిగితే చెప్పలేకపోయేదట. పొద్దున్నే బయలుదేరి, కనపడ్డ ప్రతి హాస్టలు గేటు దగ్గరా నిలబడి చూసి వచ్చేదట. నేను అప్పుడు లోపల పరీక్షలకి చదువుతున్నాను. మా గేటు దగ్గరికి వచ్చిందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు.

రెండోది నీది. "మీ వాళ్ళెవరూ వెతకరా?" అని ఆవిడ అడిగితే, "మా అమ్మ రోజూ పొద్దుగూకాక లెక్క చూసుకుంటుంది, నేను తగ్గినట్టు ఈపాటికి తెలిసే ఉంటుంది" అందట.

నీకు తీపి కలపకుండా రాశాను. ఆ బూడిదరంగు ఊలు ఏం చేస్తావు?

నీ మనవరాలు

*

మేడ మీది వెనక గది,
జనవరి 28.

మనవరాలికి,

ఉత్తరం అందింది. చదివాను. రెండోసారి చదవలేదు.

మీ అమ్మ చెప్పింది నిజం. తలుపు వేసే ముందు ఇంట్లో మనుషులు ఎందరో, ఎవరు ఎక్కడున్నారో అనుకుని గడియ పెట్టడం నాకు అలవాటు. నువ్వు హాస్టలులో, ఆమె కిటికీ దగ్గర, నేను ఇక్కడ. మూడేళ్ళుగా ఒకరు తక్కువ వస్తున్నా, ఏదో ఒక ఊరిపేరు చెప్పుకుని ఆ చోటు నింపుకుంటూ వచ్చాను. ఒకరోజు దర్జీ దుకాణం, ఒకరోజు ఎవరి ఇంట్లోనో వంటపని. ఆ ఊళ్ళన్నింటిలోనూ ఆమె ఎప్పుడూ లేదు. నేను మొదటిసారి ఒక ఊరిపేరు అనుకునేసరికే ఆమె మట్టిలో ఉంది.

గేటు సంగతి. వచ్చిందో రాలేదో తెలియదని రాశావు. తెలియదు అంతే. దాన్ని పట్టుకుని వేలాడితే రాలేదని తేలదు, వచ్చిందని తేలదు. నీకు ఓదార్పు రాయడం నాకు చేతకాదు. రాసినా నమ్మవు.

బూడిదరంగు ఊలుతో ఏమీ చేయను. వెనకభాగం, రెండు చేతులు. మనిషికి సరిపడేంత లేదు. వేరే రంగు కలిపి ఇంకొకరికి అల్లడానికి సూదులు తీశాను, వరస ఎక్కించాను, తీసేశాను. వృథా చేయడం నా జీవితంలో ఇదే మొదలు.

ఏడ్చి కూర్చుంటే ఎవరూ మనకి ఏదీ తెచ్చివ్వరు. వెళ్తే మాత్రం ఏం దొరుకుతుందని అడుగుతావేమో, ఏమీ దొరకదు. దొరకదని తెలిసే వెళ్తున్నాం. ఇప్పుడు జరగవలసినవి రాస్తున్నాను, వరస తప్పకుండా చెయ్యి.

1. మేస్త్రీకి చెప్పి వచ్చే గురు, శుక్రవారాలు సెలవు తీసుకో. కారణం నిజమే చెప్పు. ఇంట్లో మనిషి పోయిందని చెప్పు.

2. బట్టలుతికే ఆమె దగ్గరికి ఇంకోసారి వెళ్ళి, పెద్దాస్పత్రిలో ఎవరిని అడగాలో కనుక్కో. ఆమెకి నా నమస్కారం చెప్పు. ఊపిరి బిగబట్టి కుట్టినందుకు.

3. ఆస్పత్రికి, మునిసిపాలిటీకి నేను వచ్చాకే వెళ్దాం. అక్కడ మాట్లాడేది నేను. కసిరేవాళ్ళు ముసలిదాన్ని కసరడానికి కొంచెం ఆలోచిస్తారు.

4. బొత్తాలావిడ అత్తగారి దిండు జోలికి వెళ్ళకు. ఆమెకి మెడనొప్పి తగ్గిందన్నావు. ఉండనివ్వు.

5. ఏరి పెట్టిన నాలుగు స్వెట్టర్లూ విప్పకు. ప్రతిదానికీ మెడ లోపల చూడు. నీలి ముద్ర ఉన్నవి, నిలువుగా కోసి ఉన్నవి వేరుగా ఉంచు. వాటి కోసం ఎవరూ రారు. అయినా ఉంచు.

6. ఇటుక బట్టీల వెనకకి వెళ్తాం. ఏ వరసో వాళ్ళు చెప్పలేరు. చెప్పినా నమ్మకు. ఒకచోట కాసేపు నిలబడి వచ్చేద్దాం.

7. గురువారం ఉదయం బండికి వస్తున్నాను. పక్కింటి అబ్బాయి మెట్లు దింపి బండి ఎక్కిస్తానన్నాడు. దిగేటప్పుడు ఎవరైనా చేయి పట్టుకుంటే నేను విదిలించేస్తానని నీకు తెలుసు. ఈసారి పట్టుకో. విదిలించినా వదలకు.

మీ అమ్మమ్మ